61 డాలర్ల నుంచి 2 డాలర్లకు: గైకో షేరు నడిచిన 47 ఏళ్లు

బీమా కంపెనీ షేరు ధరల పట్టికను ఏ ఏడాది నుంచి మొదలుపెట్టి చదువుతామన్న దాన్ని బట్టి కథ మొత్తం మారిపోతుంది. దీనికి అమెరికాలోని గైకో కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1948లో మార్కెట్లోకి వచ్చి, 1996 జనవరిలో మదుపరి వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాథవేలో పూర్తిగా కలిసిపోయేదాకా ఆ షేరు మదుపరులను కోటీశ్వరులను చేసింది, మధ్యలో ఒకసారి దాదాపు తుడిచిపెట్టేసింది, మళ్లీ కోటీశ్వరులను చేసింది. ఈ మూడు దశల్లోనూ కంపెనీ అమ్మింది ఒకే సరుకు: కారు బీమా.

ఇప్పుడు గైకో అంటే అమెరికా తెలుగువాళ్లలో చాలామందికి కారు కొన్న రోజే పరిచయమయ్యే పేరు. కానీ ఈ కథ మొదలైనప్పుడు అది చాలా చిన్న కంపెనీ. 1936లో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో లియో గుడ్విన్, ఆయన భార్య లిలియన్ లక్ష డాలర్ల మూలధనంతో దాన్ని ప్రారంభించారు. అందులో 25 వేలు గుడ్విన్‌వి, మిగతా 75 వేలు క్లీవ్స్ రీ అనే బ్యాంకరు పెట్టారు. మరుసటి ఏడాదే కంపెనీ వాషింగ్టన్‌కు మారింది. గుడ్విన్ ఆలోచన చాలా సూటిగా ఉండేది. ప్రభుత్వ ఉద్యోగులు సగటున జాగ్రత్తగా నడుపుతారు, ప్రమాదాలు తక్కువ చేస్తారు. వాళ్లకు ఏజెంట్లు లేకుండా నేరుగా టపాలో పాలసీ అమ్మితే కమీషన్ మిగులుతుంది. క్లెయిములు తక్కువ, ఖర్చూ తక్కువ. ఈ రెండింటి మీదే కంపెనీ నిలబడింది.

1948లో రీ కుటుంబం తన వాటా అమ్మకానికి పెట్టింది. బెంజమిన్ గ్రాహం, జెరోమ్ న్యూమన్‌ల పెట్టుబడి సంస్థ కంపెనీలో సగం వాటాను సుమారు 7 లక్షల 12 వేల డాలర్లకు కొంది. తమ నిధిలో దాదాపు ఐదో వంతు ఒకేచోట పెట్టడమే వాళ్ల పద్ధతికి విరుద్ధం. పైగా పెట్టుబడి సంస్థలు ఒక బీమా కంపెనీలో 10 శాతానికి మించి వాటా ఉంచుకోకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. దాంతో ఆ షేర్లను తమ మదుపరులకే పంచేయాల్సి వచ్చింది. గైకో షేరు జనం చేతుల్లోకి వచ్చింది అలాగే. ఇది హంగామాతో వచ్చిన పబ్లిక్ ఇష్యూ కాదు, ఒక నిబంధన బలవంతం మీద జరిగిన పంపకం. ఆ ఒక్క పెట్టుబడి మీద వచ్చిన లాభం, రెండు దశాబ్దాల పాటు ఎంతో శ్రమపడి చేసిన మిగతా పెట్టుబడులన్నిటి మీద వచ్చిన లాభాన్ని మించిపోయిందని, ధర 200 రెట్లకు పైగా పెరిగిందని తర్వాత గ్రాహమే రాసుకున్నారు.

1951లో వారెన్ బఫెట్‌కు ఇరవై ఏళ్లు. తనకు పాఠం చెప్పే గ్రాహం ఈ కంపెనీకి చైర్మన్ అని తెలిసి, జనవరిలో ఒక శనివారం వాషింగ్టన్‌లోని ఆఫీసు తలుపు తట్టారు. సెలవు రోజున కూడా పనిలో ఉన్న లోరిమర్ డేవిడ్‌సన్ అనే అధికారి ఆ కుర్రాడికి గంటల తరబడి బీమా వ్యాపారం వివరించారు. అప్పటికి కంపెనీ ఏడాది ప్రీమియం 80 లక్షల డాలర్లు. మార్కెట్ విలువ 70 లక్షల చుట్టుపక్కల. ఆ ఏడాది బఫెట్ 10,282 డాలర్లు పెట్టి 350 షేర్లు కొన్నారు. డిసెంబరు నాటికి వాటి విలువ 13,125 డాలర్లు. అంటే ఆయన మొత్తం ఆస్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఒక్క షేరులోనే ఉంది. 1952లో వాటిని 15,259 డాలర్లకు అమ్మేసి, ఇంకా చౌకగా కనిపించిన మరో కంపెనీకి మారారు.

అమ్మేసిన ఆ షేర్లను అలాగే ఉంచుకొని ఉంటే తర్వాతి ఇరవై ఏళ్లలో వాటి విలువ సుమారు 13 లక్షల డాలర్లకు చేరేదని బఫెట్ తన వాటాదారులకు రాసిన ఉత్తరంలో చెప్పారు. మంచి కంపెనీని తొందరపడి అమ్మకూడదని చెప్పడానికి ఈ లెక్కను ఎంతోమంది ఇప్పటికీ ఎత్తిచూపుతారు. లెక్క తప్పు కాదు. కానీ ఆ ఇరవై ఏళ్లు ముగిసేది 1972లో. గైకో షేరు 61 డాలర్ల శిఖరాన్ని తాకిన ఏడాది కూడా 1972. కొలత సరిగ్గా శిఖరం మీద ఆగింది. ఇంకో నాలుగేళ్లు ముందుకెళ్తే, 1976లో షేరు 2 డాలర్లకు కాస్త ఎగువన ఉంది. ఆ నిష్పత్తిలో చూస్తే 13 లక్షల డాలర్లు 45 వేల దగ్గరికి వచ్చేస్తాయి. 10,282 డాలర్లు పెట్టి పాతికేళ్లు అంటిపెట్టుకున్న మనిషికి, డివిడెండ్లు పక్కన పెడితే, ఏడాదికి సుమారు 6 శాతం. అదే షేరు, అదే మదుపరి. కొలిచే తేదీ నాలుగేళ్లు జరిగేసరికి సంపద కథ కాస్తా పొదుపు ఖాతా కథ అయిపోయింది.

ఇంత పతనం ఎలా సాధ్యమైంది? ఇందులో కొంత మార్కెట్‌ది. 1973 జనవరి నుంచి 1974 డిసెంబరు దాకా డౌ జోన్స్ సూచీయే 45 శాతం పడింది. ఆ రెండేళ్లలో నష్టపోని షేరు అరుదు. కానీ సూచీ సగానికి దగ్గరగా పడితే గైకో 61 నుంచి పదికి, తర్వాత ఏడుకు, చివరికి రెండుకు పడింది. సూచీ 1975లో కోలుకోవడం మొదలుపెట్టినా ఇది పడుతూనే ఉంది. మిగతా కారణం కంపెనీ లెక్కల పుస్తకంలో ఉంది.

కిరాణా కొట్టు యజమానికి సరుకు ఎంతకు కొన్నాడో తెలుసు, ఆ తర్వాతే అమ్ముడు ధర నిర్ణయిస్తాడు. బీమా కంపెనీ ముందు అమ్ముతుంది, తన సరుకు అసలు ఖరీదు ఏళ్ల తర్వాత తెలుసుకుంటుంది. 1973లో జరిగిన ప్రమాదానికి ఆసుపత్రి బిల్లులు, కోర్టు తీర్పు, పరిహారం అన్నీ తేలేది 1976లో కావచ్చు. అప్పటిదాకా ఆ క్లెయిముకు ఎంత అవుతుందో కంపెనీ అంచనా వేసి ఆ మొత్తాన్ని పక్కన పెట్టాలి. దీన్నే రిజర్వు అంటారు. ఆ ఏడాది లాభం ఎంత అనేది ఈ అంచనా మీద ఆధారపడి ఉంటుంది. అంటే బీమా కంపెనీ ప్రకటించే లాభంలో పెద్ద భాగం జరిగిన విషయం కాదు, ఊహ.

ఊహ కాస్త తప్పితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. వంద డాలర్ల ప్రీమియంలో 15 ఖర్చులకు పోయాయి, క్లెయిములు 80 అవుతాయని అంచనా వేశారు అనుకుందాం. లాభం 5. అసలు క్లెయిములు 90 దగ్గర తేలితే? అంచనా తప్పింది ఎనిమిదో వంతు మాత్రమే. కానీ 5 లాభం 5 నష్టమైంది. ఇక ఆ కంపెనీ తన మూలధనానికి అయిదు రెట్లు ప్రీమియం రాసి ఉంటే, వంద ప్రీమియానికి వెనక ఉన్న సొంత డబ్బు 20 మాత్రమే. 10 డాలర్ల పొరపాటు అందులో సగాన్ని తినేస్తుంది. ఇలాంటి పొరపాటు రెండేళ్లు వరసగా జరిగితే మూలధనం మిగలదు.

1970ల మొదట్లో గైకోలో జరిగింది దాదాపు ఇదే. డేవిడ్‌సన్ 1958 నుంచి 1970 దాకా సంస్థను నడిపి పదవీ విరమణ చేశారు. గుడ్విన్ 1971లో చనిపోయారు. తర్వాత వచ్చిన నాయకత్వానికి ఎదుగుదల తొందర ఎక్కువైంది. జాగ్రత్తపరులైన ఉద్యోగులకే పాలసీ అనే పాత గీటు చెరిగిపోతూ వచ్చింది. కుర్ర డ్రైవర్లు, ఎవరో ఏమిటో పెద్దగా పరిశీలించని కొత్త వర్గాలు పుస్తకంలోకి వచ్చాయి. అదే సమయంలో అమెరికాలో ద్రవ్యోల్బణం మండిపోయింది, 1974లో అది 11 శాతం. బంపరు ధర పెరిగింది, మెకానిక్ కూలీ పెరిగింది, వైద్యుడి ఫీజు పెరిగింది. కానీ ప్రీమియం పెంచాలంటే ఒక్కో రాష్ట్రంలో నియంత్రణాధికారి అనుమతి కావాలి. పైగా తప్పు ఎవరిదైనా ఎవరి బీమా కంపెనీ వారికి చెల్లించాలన్న కొత్త చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో వచ్చి, పాత అనుభవంతో వేసే అంచనాలను పనికిరాకుండా చేశాయి. ఇన్ని మారుతున్నా రిజర్వులు పాత లెక్కల మీదే నడిచాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. 1972లో షేరు 61 డాలర్లు ఉన్నప్పుడు మదుపరులు పిచ్చివాళ్లేమీ కాదు. కంపెనీ ప్రకటించిన లాభాన్ని చూశారు, దానికి ఇన్ని రెట్లు ధర ఇవ్వొచ్చని ఒక గుణకం కట్టారు. తప్పు గుణకంలో కంటే లాభం అంకెలోనే ఎక్కువ ఉంది. తక్కువ రిజర్వు పెట్టిన కంపెనీకి లాభం ఎక్కువగా కనిపిస్తుంది, ప్రీమియం చౌకగా ఉంచగలుగుతుంది, చౌక ప్రీమియంతో అమ్మకాలు పెరుగుతాయి, పెరిగిన అమ్మకాలు చూసి షేరు ధర పెరుగుతుంది. అన్ని సూచికలూ ఒకేసారి పచ్చగా కనిపిస్తాయి. బీమా షేరులో అత్యంత ప్రమాదకరమైన కాలం ధర పడుతున్నప్పటిది కాదు. అంతా బాగున్నట్టు కనిపించే ఇలాంటి కాలం.

1975కు గైకో ప్రకటించిన నష్టం 12 కోట్ల 60 లక్షల డాలర్లు. ఇది ఆ ఒక్క ఏడాది ప్రమాదాల వల్ల మాత్రమే వచ్చింది కాదు, వెనకటి ఏళ్లలో లాభంగా చూపిన డబ్బు కూడా ఇందులో వెనక్కి పోయింది. 1976 వసంతంలో వాటాదారుల సమావేశం కోపంతో ఊగిపోయింది. మే నెలలో పాత నాయకత్వాన్ని తప్పించి, ట్రావెలర్స్ కంపెనీలో పనిచేసిన 43 ఏళ్ల జాక్ బర్న్‌ను తీసుకొచ్చారు. కొత్త మూలధనం తేవాలని, వ్యాపారంలో కొంత భాగాన్ని వేరే కంపెనీలు రీఇన్సూరెన్సు కింద, అంటే ప్రీమియంతో పాటు క్లెయిముల భారాన్నీ పంచుకునే ఒప్పందం కింద, తీసుకోవాలని వాషింగ్టన్ బీమా నియంత్రణాధికారి మాక్సిమిలియన్ వాలక్ గడువు పెట్టారు. కాకపోతే మూతే. పోటీ కంపెనీలు కొన్ని ముందుకొచ్చి ఆదుకున్నాయి. దయ ఒక్కటే కారణం కాదు. ఇంత పెద్ద కంపెనీ మునిగితే దాని పాలసీదారుల క్లెయిముల భారం చివరికి మిగతా కంపెనీల మీదే పడుతుంది.

బర్న్ చేసిన పనులు వినడానికి కటువుగా ఉంటాయి. ప్రీమియంలు పెంచారు, ఆఫీసులు మూశారు, వేలమందిని ఇంటికి పంపారు, గిట్టుబాటు కాని పాలసీలను వదిలేశారు. రేటు పెంచడానికి ఒప్పుకోని న్యూజెర్సీ అధికారుల ముందు లైసెన్సు పడేసి ఆ రాష్ట్రం నుంచే బయటికి వచ్చేశారు. చిన్నబోయిన కంపెనీ బతికింది. ఆ ఏడాది చివర్లో సాలొమన్ బ్రదర్స్ బాధ్యత తీసుకొని, మామూలు షేర్లుగా మార్చుకోగల ప్రిఫరెన్స్ షేర్ల ద్వారా 7 కోట్ల 60 లక్షల డాలర్లు సమకూర్చింది. వేరే ఏ పెద్ద మర్చంట్ బ్యాంకూ ముట్టుకోవడానికి ఇష్టపడని ఇష్యూ అది.

బఫెట్ మళ్లీ వచ్చింది ఈ దశలోనే. బర్న్‌ను ఒక సాయంత్రం కలిసి మాట్లాడి, మర్నాడే 2.125 డాలర్ల చొప్పున 5 లక్షల షేర్లు కొనమని ఆర్డరు పెట్టారు. బెర్క్‌షైర్ లెక్కల ప్రకారం 1977 చివరికి చేతిలో ఉన్న 12 లక్షల 94 వేల మామూలు షేర్ల సగటు ఖరీదు 3.18 డాలర్లు, అప్పటి మార్కెట్ ధర 8 డాలర్లకు పైనే. ప్రిఫరెన్స్ షేర్లు వేరే ఉన్నాయి. 1980 నాటికి మొత్తం 4 కోట్ల 57 లక్షల డాలర్లు పెట్టి కంపెనీలో మూడో వంతు కొనేశారు.

ఆయన చూసింది ఒకటే. గైకో దివాలా అంచుకు వచ్చింది రేట్లు తప్పు కట్టడం వల్ల, రిజర్వులు తక్కువ పెట్టడం వల్ల. ఏజెంట్లు లేకుండా అమ్మడం వల్ల వచ్చే ఖర్చు ఆదా మాత్రం చెక్కుచెదరలేదు. రేటునూ రిజర్వునూ మనుషులు సరిచేయగలరు. ఖర్చు ఎక్కువున్న కంపెనీని ఎంత గొప్ప మేనేజరూ తక్కువ ఖర్చు కంపెనీగా మార్చలేడు. 1986లో గైకో నిర్వహణ ఖర్చులు, క్లెయిముల పరిష్కార ఖర్చులు కలిపి ప్రీమియంలో 23.5 శాతమే. చాలా పెద్ద కంపెనీలకు ఇది ఇంకో 15 శాతం పాయింట్లు ఎక్కువ ఉండేది. కారు బీమాలో అది సముద్రమంత తేడా. బర్న్ వచ్చిన రోజున షేరు ధర ఈ రెండింటి మధ్య ఏ తేడానూ చూడలేదు, మొత్తంగా చచ్చినట్టే లెక్కగట్టింది.

తర్వాతి ధరలు బెర్క్‌షైర్ ఏటా చూపిన వాటా విలువను షేర్ల సంఖ్యతో భాగిస్తే తెలుస్తాయి. 1980 చివర 14.6 డాలర్లు. 1981లో సుమారు 28. 1982లో 43. 1983, 1984 చివర్లలో 58 దగ్గరే ఆగింది. 1985 చివర 87. మార్కెట్లు కుప్పకూలిన 1987లో కూడా ఏడాది ముగిసేసరికి ఇది 98 నుంచి 110కి పెరిగే ఉంది. 1991 చివర 199. 1992లో ఒక షేరును అయిదుగా విడగొట్టారు, ఆ ఏడాది చివర కొత్త షేరు ధర 65. ఫ్లోరిడాను ఆండ్రూ తుపాను ఊపేసిన ఏడాది అది. 1993, 1994ల్లో ధర 51కి, 49కి జారింది.

ఇప్పుడు 1972లో 61 డాలర్లకు కొన్న మనిషి దగ్గరికి వెనక్కి వెళ్దాం, ఎందుకంటే పుస్తకాల్లో ఈ మనిషి కథ ఎవరూ రాయరు. అతను కొన్న ధరను షేరు నిలకడగా దాటింది 1985లో, పదమూడేళ్ల తర్వాత. అది కూడా అంకెలో మాత్రమే. 1972కు, 1991కు మధ్య అమెరికాలో వినియోగదారుల ధరలు మూడు రెట్లకు పైగా పెరిగాయి. 1972 నాటి 61 డాలర్ల కొనుగోలు శక్తి 1991లో దాదాపు 199 డాలర్లకు సమానం. షేరు ధర 199కి చేరింది కూడా ఆ ఏడాదే. అంటే ఒక గొప్ప కంపెనీలో తప్పు ధరకు ప్రవేశించిన మదుపరికి, డివిడెండ్లు లెక్కలోకి తీసుకోకపోతే, పెట్టిన డబ్బు విలువ మాత్రం తిరిగి రావడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. 1976లో 2 డాలర్లకు కొన్నవాడు ఈలోపు ధనవంతుడయ్యాడు.

ఆ పెరుగుదలలో ఒక భాగం గ్రాఫులో కంటికి కనిపించదు. 1980లో బెర్క్‌షైర్ వాటా మూడో వంతు. 1995కు సుమారు సగం. మధ్యలో బెర్క్‌షైర్ ఒక్క షేరూ కొనలేదు. గైకోయే తన సొంత షేర్లను వరసగా కొని తగ్గించుకుంటూ పోయింది. విభజనకు సరిచేసి చూస్తే ఆ పదిహేనేళ్లలో మూడో వంతుకు పైగా షేర్లు మాయమయ్యాయి. మిగిలిన ప్రతి షేరుకూ వ్యాపారంలో పెద్ద ముక్క దక్కింది. 1979లో చేరిన లూ సింప్సన్ ప్రీమియంల సొమ్మును షేర్లలో పెట్టి తెచ్చిన రాబడి దీనికి తోడైంది. బీమా కంపెనీకి వ్యాపార లాభం ఒక చెయ్యి అయితే, క్లెయిములు చెల్లించేదాకా చేతిలో ఉండే డబ్బు మీద సంపాదన రెండో చెయ్యి. రెండూ పనిచేసిన కాలం 1980లది.

1995 ఆగస్టు 25న బెర్క్‌షైర్ మిగతా సగాన్ని షేరుకు 70 డాలర్ల చొప్పున, మొత్తం 230 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. తన చేతిలో ఉన్న సగాన్ని 4 కోట్ల 57 లక్షలకు కొన్న సంస్థ రెండో సగానికి దాదాపు యాభై రెట్లు ఇచ్చింది. విభజనకు సరిచేస్తే 1976 నాటి 2.125 డాలర్లు 42 సెంట్లకు కాస్త పైన. అక్కడి నుంచి 70కి అంటే 165 రెట్లు, ఏడాదికి సుమారు 31 శాతం. అదే సర్దుబాటుతో 1972 శిఖరం 12.2 డాలర్లు. అక్కడి నుంచి 70కి ఏడాదికి 8 శాతం లోపే. ఒకే కంపెనీ, ఒకే ముగింపు ధర. రెండు కొనుగోళ్ల మధ్య దూరం నాలుగేళ్లు.

భారత మదుపరికి ఇలాంటి పట్టిక దశాబ్దాల పాటు చూసే అవకాశమే లేకపోయింది. గైకో షేరు జారడం మొదలైన 1973లోనే, జనవరి 1 నుంచి మన దేశంలో సాధారణ బీమా జాతీయమైంది. 107 సంస్థలను నాలుగు ప్రభుత్వ కంపెనీల్లో కలిపేశారు. ప్రైవేటు సాధారణ బీమా కంపెనీ షేరు మళ్లీ స్టాక్ ఎక్స్ఛేంజీలో కనిపించింది 2017లో, ఐసీఐసీఐ లాంబార్డ్‌తో. ఇంకా సుమారు పదేళ్ల చరిత్రే చేతిలో ఉంది. కానీ గైకోను ముంచిన పదార్థం ఇక్కడా ఉంది. రోడ్డు ప్రమాదంలో మూడో వ్యక్తికి ఇవ్వాల్సిన పరిహారం ట్రైబ్యునల్‌లో ఏళ్ల తరబడి నలుగుతుంది. ఆ బీమాకు ప్రీమియం ఎంతో కంపెనీ సొంతంగా నిర్ణయించలేదు, ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఖర్చు తెలిసేది ఆలస్యంగా, రేటు చేతిలో లేదు. 1974 నాటి అమెరికా కారు బీమా కంపెనీ ఇరుక్కున్నది సరిగ్గా ఈ రెండింటి మధ్యే.

అందువల్ల ఇక్కడి బీమా షేరు చూసేవాళ్లు ధరల గ్రాఫు తెరిచే ముందు తెరవాల్సిన పేజీ ఒకటుంది. ఫలానా ఏడాది ప్రమాదాలకు మొదట ఎంత అవుతుందని అంచనా వేశారు, ఏడాది తర్వాత ఆ అంచనా ఎంతకు మారింది, మూడేళ్లకు ఎంత, అయిదేళ్లకు ఎంత అని వరసగా చూపే పట్టిక అది. త్రికోణంగా ఉంటుంది కాబట్టి ఈ రంగంలో దాన్ని రిజర్వు ట్రయాంగిల్ అంటారు. ఒకే ఏడాది ప్రమాదాలకు వేసిన అంచనా ఏడాదికేడాది తగ్గుతూ పోతుంటే కంపెనీ మొదట్లోనే జాగ్రత్తగా పక్కన పెట్టిందని అర్థం, పెరుగుతూ పోతుంటే ఇన్నాళ్లూ చూపిన లాభంలో కొంత లాభం కాదని అర్థం. ఐసీఐసీఐ లాంబార్డ్ ఈ పట్టికను బయటపెడుతోంది. ప్రతి కంపెనీ ఇంత వివరంగా ఇవ్వదు. ఇవ్వని కంపెనీ ప్రీమియం పోటీదారుల కంటే వేగంగా పెరుగుతూ, రేటు వాళ్ల కంటే తక్కువగా ఉంటే, వాటాదారుల సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న డివిడెండు గురించి కాదు, ఈ పట్టిక గురించి.